స్కోపస్‌లో నా పేరు రెండుగా చీలింది, హెచ్-ఇండెక్స్ ఏది రాయాలి?

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ప్రమోషన్ ఫారంలో హెచ్-ఇండెక్స్ (పేపర్లకు వచ్చిన సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో వాటి ప్రస్తావనలను బట్టి లెక్కేసే అంకె) అడిగారు, ఎక్కడిదో చెప్పలేదు. గూగుల్ స్కాలర్‌లో 9 ఉంది. అది థీసిస్‌లు, ప్రీప్రింట్ల (జర్నల్ సమీక్షకు ముందే పెట్టేసిన పేపర్ల) నుంచి వచ్చిన సైటేషన్లు కూడా లెక్కేస్తుంది కాబట్టి ఎక్కువే చూపిస్తుందని తెలుసు.

స్కోపస్ అనే పరిశోధన పేపర్ల డేటాబేస్‌తోనే తంటా. కొన్ని పేపర్లలో నా ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది, కొన్నింట్లో పూర్తిగా చివర ఉంది. దాంతో నన్ను ఇద్దరు మనుషుల్ని చేసేసింది! ఒక ప్రొఫైల్‌లో 5, ఇంకోదాంట్లో 3. కలిపినంత మాత్రాన నేరుగా 8 అయిపోదు కదా. 6 రావాలన్నా ఆరు పేపర్లకు ఒక్కోదానికి కనీసం 6 సైటేషన్లు ఉండాలి. మా హెచ్‌ఓడీ గారేమో "ఎక్కువున్నది రాసెయ్యమ్మా" అంటున్నారు. ఇంటర్వ్యూలో ప్రింటవుట్ చూపించమంటే?

ప్రొఫైళ్లు కలపమని స్కోపస్‌కి రిక్వెస్ట్ పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎన్నాళ్లు పట్టింది? ఆర్కిడ్ ఐడీ (పరిశోధకులకిచ్చే ప్రత్యేక నంబరు) ముందే లింక్ చేయాలా, కలిపాక చేయాలా? విజయవాడ, గుంటూరు వైపు సెలక్షన్ కమిటీలు సెల్ఫ్ సైటేషన్లు (మన పేపర్లను మనమే ప్రస్తావించినవి) తీసేసి చూస్తున్నాయా?

డబ్బులిస్తే సైటేషన్లు పెంచుతామనే ఏజెంట్లు దయచేసి మెసేజ్ పెట్టకండి.