ఎక్స్-వింగ్: బిడ్ తీసేశారు, తర్వాత ఆటే ఆపేశారు. మీరు ఇప్పుడు ఏ రూల్స్‌తో ఆడుతున్నారు?

ఎర్రచారల_టై:
ఎక్స్-వింగ్ మినియేచర్స్ (స్టార్ వార్స్ షిప్పు బొమ్మలతో టేబుల్ మీద ఆడే యుద్ధం ఆట) ఇంకా ఆడేవాళ్ళు ఉంటే చెప్పండి, ఏ రూల్స్ పట్టుకున్నారు? నేను 2012లో మొదటి బాక్స్ వచ్చినప్పటి నుంచి ఆడుతున్నా, ఒక ఎక్స్-వింగ్, రెండు టై ఫైటర్లు, పెయింట్ వేసే వచ్చేవి కాబట్టి బాక్స్ తెరిచి నేరుగా టేబుల్ మీద పెట్టేయడమే. 2018లో సెకండ్ ఎడిషన్ (2.0) అన్నప్పుడు కోపం వచ్చింది గానీ కన్వర్షన్ కిట్లు తెచ్చారు, కార్డులూ, షిప్పు ఎటు కదలాలో రహస్యంగా ఎంచుకునే డయల్సూ కొత్తవి, షిప్పులు మాత్రం పాతవే. కార్డు మీద పాయింట్లు వేయడం మానేశారు కాబట్టి ఏ షిప్పైనా మరీ రెచ్చిపోతుంటే పాయింట్లు పెంచి దారికి తెచ్చేవాళ్ళు. ఆట నిజంగా బాగుపడింది. అంటే మార్పు అంటేనే నాకు పడదని కాదు.

2020 చివర్లో ఆట వేరే స్టూడియో చేతికి వెళ్ళింది, 2022లో 2.5 రూల్స్ వచ్చాయి, అక్కడ విరిగింది నా మనసు. 200 పాయింట్ల స్క్వాడ్ పోయి 20 అయింది, అప్‌గ్రేడ్లకి ప్రతి పైలట్‌కీ విడిగా లోడౌట్ పాయింట్లు, ఒకరివి మిగిలితే ఇంకొకరికి ఇవ్వలేం. బిడ్, అంటే స్క్వాడ్‌కి ఎదుటివాడికంటే తక్కువ పాయింట్లు వాడి ఎవరు ముందో ఎంచుకునే హక్కు తెచ్చుకోవడం, అసలే లేదు. నా పైలట్ సూంటిర్ ఫెల్, ఇనీషియేటివ్ 6 (ఈ అంకె తక్కువున్నవాళ్ళు ముందు కదులుతారు, ఇద్దరిదీ సమానమైతే ఎవరు ముందో తేల్చుకోవాలి). వాడి బుల్స్‌ఐలో, అంటే షిప్పు ముందు తిన్నగా ఉండే సన్నని గురిలో, శత్రువు ఉంటే వాడికి ఫోకస్ టోకెన్ (పాచికల ఫలితాన్ని మెరుగుపరిచేది) దక్కుతుంది, అందుకే ఆఖర్న కదలడమే వాడి ప్రాణం. అందుకోసం నేను 194 దగ్గర ఆపేసి 6 పాయింట్లు వదులుకునేవాణ్ణి, ఏ అప్‌గ్రేడ్ తీసేయాలా అని రాత్రంతా కూర్చుని లెక్కలేసేవాణ్ణి. ఇప్పుడేమో అందరూ డయల్స్ పెట్టేశాక ప్రతి రౌండ్‌లోనూ ఎవరు ముందో పాచికలు తేలుస్తాయి. మొన్న ఎదురుగా వెడ్జ్ అనే పైలట్, వాడూ 6, నేను వెనక కదులుతాననుకుని డయల్ తిప్పి పెట్టా, రోల్ నాకు అడ్డం తిరిగింది, ముందు నేనే కదిలా, వాడు తీరిగ్గా చూసి బ్యారెల్ రోల్ చేసి (పక్కకి జరిగి) నా ముందునుంచి తప్పుకుని నన్నే గురిలో పెట్టుకున్నాడు. ఆ నిమిషంలో నేను చేయగలిగింది ఏమీ లేదు, అదే బాధ.

ఇంత మార్చి 2024 జూన్‌లో ఇక కొత్తవి రావని చెప్పేశారు, ఆర్మడా అనే ఇంకో స్టార్ వార్స్ ఆటతో పాటే. మా నలుగురిలో ఇద్దరు 2.5కి అలవాటు పడ్డారు, ఇద్దరం 2.0 అంటున్నాం. ఏం చేయమంటారు?

ఖాళీ_పాచిక:
అన్నా నీ బాధ అర్థమైంది కానీ 2.5ని పూర్తిగా తీసిపారేయకు. 2.0లో చివరికి ఏమయ్యేదో గుర్తు తెచ్చుకో, ఒక షిప్పుని కొట్టేసి పాయింట్లలో ముందుంటే ఇక మిగతా టైమంతా మూలకి పారిపోవడమే. 2.5లో సినారియోలు (టేబుల్ మీది ఆబ్జెక్టివ్‌లు, అంటే లక్ష్యాలు, పట్టుకుని పాయింట్లు తెచ్చుకునే ఆటలు) వచ్చాక మధ్యలోకి రాక తప్పట్లేదు, ఆబ్జెక్టివ్ పట్టుకోకపోతే ఓడిపోతావు. నేను ఆటలోకి వచ్చిందే 2.5తో, మొదటిరోజే స్క్వాడ్ కట్టుకోగలిగా. బిడ్ ఎందుకు ఉండేదో మాత్రం నువ్వు రాసింది చదివాకే తెలిసింది.

టెంప్లేట్_వంకర:
బిడ్ కూడా మరీ అంత పుణ్యం ఏం కాదు బ్రో, ఇద్దరికీ ఏసులే (ఇనీషియేటివ్ ఎక్కువున్న పైలట్లే) ఉంటే వాడు 8 వదిలితే నువ్వు 9 వదలాలి, అలా ఆడకుండా పారేసే పాయింట్లే పెరిగిపోయేవి. కానీ ప్రతి రౌండూ పాచికలకి వదిలేయడం దానికి మందు కాదు, అందులో నీతోనే నేను. 2.0కి పాయింట్లు ఆటగాళ్ళే చూసుకుంటున్నారు, 2.5కీ అంతే, కాబట్టి కంపెనీ ఆపేసినంత మాత్రాన ఏదీ చచ్చిపోలేదు. షిప్పులూ డయల్సూ, కదలిక కొలిచే టెంప్లేట్లూ రెండిటికీ అవే. మేము ఒక వారం ఇది, ఒక వారం అది ఆడుతున్నాం. ఒక్కటి మాత్రం చెయ్, షిప్పుని స్టాండ్ మీద నిలబెట్టే ప్లాస్టిక్ పెగ్గులు ఎక్కడ దొరికినా తీసి పెట్టుకో, షిప్పు కింద గుంతలోనే విరిగి ఇరుక్కుంటే బయటికి తీయడం నరకం.

ఎర్రచారల_టై:
పెగ్గు విషయం నిజం, నా ఇంటర్‌సెప్టర్ (సూంటిర్ షిప్పు)ది ఇప్పటికే రెండుసార్లు విరిగింది. @ఖాళీ_పాచిక పారిపోయే ఆట గురించి నువ్వన్నది ఒప్పుకుంటా తమ్ముడూ, నేనూ అలా గెలిచినవి ఉన్నాయి. సినారియోలు ఉంచి, పాచికల బదులు 200 పాయింట్లూ బిడ్డూ పెట్టుకుని ఆడితే ఎలా ఉంటుందో మావాళ్ళని అడిగా, సరే అన్నారు. ఆదివారం మొదటి ఆట. సూంటిర్ ఉన్న స్క్వాడ్‌ని 195 దగ్గర ఆపా, ఎలా వచ్చిందో ఇక్కడే రాస్తా.