డిజైన్లు నింపుకుంట పోతే క్రియేటివిటీ తిరిగొస్తదా, లేక ఉత్త టైంపాసా?

నల్లగొండ_గీతలు:
అందరికీ నమస్తే. మొన్న ఆఫీసుల లంచ్ టైంల చిన్న అట్టముక్క మీద పెన్నుతోని డిజైన్లు గీసుకుంటున్న, మా సీనియర్ సార్ ఒకాయన చూసి "ఏందమ్మా ఇది, పిల్లలు నోట్‌బుక్కు వెనక పేజీల గీకినట్టు, దీన్ని కూడా ఆర్ట్ అంటరా" అన్నడు. నాకు ఇంకా మండుతనే ఉంది, అందుకే ఇక్కడ పెడుతున్న.

నేను గీసేదాన్ని జెంటాంగిల్ అంటరు. తెలవనోళ్ళ కోసం చెప్తున్న: అమెరికాల మసాచుసెట్స్‌ల రిక్ రాబర్ట్స్, మరియా థామస్ అని ఇద్దరు 2000 దాటినంక మొదలుపెట్టిన పద్ధతి. ఆమె అక్షరాలు అందంగ రాసే ఆర్టిస్టు, ఆయన ఒకప్పుడు సన్యాసిగ ఉన్నాయన. ఆమె ఒక పెద్ద అక్షరం వెనక జాగంతా సన్న సన్న డిజైన్లతో నింపుకుంట లోకమే మర్చిపోయిందట, నువ్వు చెప్పేది అచ్చం ధ్యానం లెక్కనే ఉందే అని ఆయన అన్నడట, అక్కడినుంచి వచ్చింది. మూడున్నర ఇంచుల చదరం కాగితం తీసుకోవాలె, పెన్సిల్‌తోని నాలుగు మూలలకు చుక్కలు, చుక్కలు కలిపితే అంచు, లోపల ఇష్టమొచ్చినట్టు ఒక వంకర గీత, దాన్ని స్ట్రింగ్ అంటరు. ఆ గీతతోని కాగితం నాలుగైదు గదులైతది, ఒక్కో గదిల ఒక్కో డిజైన్ నల్ల పెన్నుతోని నింపుడు, లాస్ట్‌ల పెన్సిల్‌తోని నీడ. రబ్బర్ వాడొద్దు. పైన కింద అని కూడా లేదు, కార్డు ఎట్ల తిప్పి పట్టుకున్నా నడుస్తది.

టెన్త్ దాకా బొమ్మలు బాగనే గీసేదాన్ని, ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, బ్యాంక్ కోచింగ్, పెళ్ళి, పిల్లలు, మీకు తెలవంది కాదు. మళ్ళ గీద్దామని తెల్ల కాగితం ముందల కూసుంటే చెయ్యి కదలకపోయేది. ఇది పట్టుకున్నంక కదులుతుంది. మీరు చెప్పుండ్రి, ఇది క్రియేటివిటీ తిరిగొచ్చినట్టా, లేకపోతే ఉత్త మనసు నెమ్మదించినట్టా?

పాలమూరు_పోరి:
అక్కా ఫస్ట్ ఒకటి చెప్పు, పైసలు కట్టి నేర్చుకున్నవా? ఎందుకంటే మా దగ్గర గూడ ఆన్‌లైన్ క్లాసులని వాట్సాప్‌ల తిరుగుతున్నయి, ఫీజు చూస్తే కళ్ళు తిరిగినయి. నువ్వు చెప్పింది చదువుకుంట పోతుంటే నవ్వొచ్చింది నాకు, చుక్కలు పెట్టుడు, కలుపుడు, సందులు నింపుడు, రబ్బర్ లేకపోవుడు, ఇదంతా మా నాయనమ్మ వాకిట్ల చేసేదే గదా!

మా నాయనమ్మ పొద్దుగాల వాకిలి ఊకి సాన్పు జల్లి ఆ తడి ఆరకముందే ముగ్గు ఏస్తది. పిండి బొటనేలుకు చూపుడేలుకు నడుమకెల్లి జారుతది, ఆ సందు జరంత వదిలితే గీత లావైతది, బిగపడితే సన్నగొస్తది, కొలత అంతా వేళ్ళకే తెలుసు. 15 చుక్కలు సందు చుక్క 8 దాకా అని ఇట్లా చెప్తే చాలు, కాగితం పెన్ను ఏం లేకుండనే ముగ్గు మొత్తం కండ్లకు కనబడుతదట ఆమెకు. తిప్పుడు ముగ్గైతే ఇంకా కష్టం, చుక్కను ముట్టకుండ చుట్టూ తిరిగి తిరిగి మొదలుపెట్టిన కాడికే రావాలె, ఒక్క చుక్క కాడ అటుపోయేది ఇటుపోతే కొస ఎటూ కలవదు. అప్పుడు చీపురు పట్టదు మా నాయనమ్మ, ఆ కలవని కొసనే ఒక తీగ జేసి పువ్వు తీస్తది, చూసినోళ్ళు అదే డిజైన్ అనుకుంటరు. గిది క్రియేటివిటీ కాదా మరి? దీనికి సర్టిఫికెట్ ఎవరిచ్చిన్రు?

మిర్యాలగూడ_డ్రాయింగ్_సార్:
ఇరవై ఏళ్ళకు పైనే పిల్లలకు డ్రాయింగ్ చెప్తున్న, కోపం తెచ్చుకోకుంటే ఒక మాట చెప్తా. మీ సీనియర్ సార్ చెప్పిన తీరు బాగలేదు గానీ విషయం మాత్రం పూర్తిగ తప్పు కాదు.

బొమ్మ గీసుడు అంటే ముందు చూసుడు. జామకాయ గీయాలంటే జామకాయను చూడాలె, వెలుగు ఏ దిక్కు పడుతుందో, తొడిమ కాడ ఎంత లోతుందో, చూసింది చేతికి రావాలె. ఈ డిజైన్ల పద్ధతిల చూసేది ఏముంది చెప్పుండ్రి? ఎవరో ముందే మెట్లు మెట్లుగ విడగొట్టి పెట్టిన్రు, ఫస్ట్ ఈ గీత, సెకండ్ ఈ వంపు, థర్డ్ ఇక్కడ నలుపు, మనం గీసుకుంట పోవుడే. ప్రతి డిజైన్‌కు ఒక పేరు, యూట్యూబ్‌ల వేలకు వేల వీడియోలు. నేర్చుకున్నోళ్ళందరి కార్డులు పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో గుర్తుపట్టలేం. సంక్రాంతికి ముందు బస్టాండ్ల అమ్మే ముగ్గుల పుస్తకం చూసి ఏసే ముగ్గు కూడా అంతే, నాయనమ్మది వేరు, ఆమె పుస్తకం చూడలేదు కాబట్టి. పిల్లలు నాలుగైదు తరగతులకు వచ్చేసరికే "సార్ నాకు రాదు" అనుడు మొదలుపెడతరు, ఎందుకంటే అప్పటికి అది అచ్చం ఆవు లెక్క ఉండాలని వాళ్ళకు తెలుస్తది, ఉండదని కూడా తెలుస్తది. ఆ భయం పోగొట్టాలంటే ఆవును చూపియ్యాలె గానీ, ఆవును పక్కన పెట్టి గళ్ళు నింపుకో నాయనా అంటే భయం అట్లనే ఉంటది, గళ్ళ కింద దాక్కుంటది అంతే.

దేవరకొండ_తండా:
సార్ మా అమ్మ బట్ట మీద ఏం గీసుకోకుండనే అద్దాలు పెట్టి కుడుతది, ఒక రైకకు ఇంకో రైకకు పోలిక ఉండదు. ఆమెకు డ్రాయింగ్ రాదు, జామకాయ గీయమంటే గీయలేదు. మరి ఆమెను ఏం అంటరు?

మిర్యాలగూడ_డ్రాయింగ్_సార్:
తమ్మీ ఆమె ఆర్టిస్టే, ఎవరు కాదన్నరు. చిన్నప్పటిసంది వాళ్ళ అమ్మ చేతిని చూసింది గదా, అదే చూసుడు. నేను అనేది వీడియో చూసి కాపీ కొట్టుడు గురించి.

పుట్టపాక_మగ్గం:
ఒకటే పని మళ్ళ మళ్ళ చేస్తే ధ్యానం లెక్క, మనసు నెమ్మదిస్తదని అక్క మాటల ఉంది, నాకైతే అది చదివితే ఒళ్ళు మండుతది, క్షమించాలె. మా ఇండ్ల ఆసు పోసేది మా అమ్మ. ఇక్కత్ చీర, అంటే పోగుకు ముందే రంగులద్ది నేసే చీర, నేసుడు కంటే ముందు పోగును మేకుల మీదికి అటుకెల్లి ఇటు, ఇటుకెల్లి అటు తిప్పుకుంట ఉండాలె, ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ఊపాలె. రాత్రి భుజం పట్టుకొని ఏడ్సేది. మన ఆలేరు దిక్కు శారాజీపేటకెల్లి చింతకింది మల్లేశం గారు వాళ్ళ అమ్మ ఈ తిప్పలు చూడలేకనే 1999ల ఆసు మిషన్ చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. మళ్ళ మళ్ళ చేసుడుల అంత ధ్యానమే ఉంటే ఆ మిషన్ ఎందుకు? మీకు లంచ్ టైంల గీసుకుంటే హాయి, ఎందుకంటే ఆ గీతకు కూలి లేదు, గడువు లేదు, సేటు లేడు.

ఇగ క్రియేటివిటీ సంగతి. మా దాంట్ల అది గ్రాఫ్ పేపర్ మీద ఉంటది. డిజైన్ మొత్తం గళ్ళ కాగితం మీద ఎక్కిచ్చి, ఏ గడి కాడ పోగుకు సైకిల్ ట్యూబ్ రబ్బరు కట్టాలె, ఏది ఇడవాలె, ఏ రంగుల ముందు ముంచాలె అని లెక్క కట్టేటోనికి తల పగులుతది. తేలియా రుమాలు అని ఇక్కత్‌ల చదరం గుడ్డ చూసే ఉంటరు, ఎరుపు, నలుపు, తెలుపు, అంతే, ఆ మూడు రంగులతోని, చదరం లోపల, ఎన్ని రకాలు తీసిన్రో. కట్టేటప్పుడు నేసేటప్పుడు ఇంక కొత్తగ ఆలోచించేది తక్కువ, తప్పు పోకుండ చూసుకునుడే. అక్క నింపేది గడులైతే అది మా కట్టుడు లెక్క, గడులు ఎట్ల ఉండాలని తానే అనుకుంటే అది గ్రాఫ్ లెక్క. ఈ రెండిట్ల నువ్వు ఏది చేస్తున్నవ్ అక్కా?

సైకాలజీ_పీజీ:
మహబూబ్‌నగర్‌లో పీజీ చేస్తున్నాను, మా సిలబస్‌లో వచ్చిన రెండు విషయాలు చెప్తాను, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తున్నారు అనిపిస్తోంది.

2005లో నాన్సీ కర్రీ, టిమ్ కాసర్ అని ఇద్దరు 84 మంది కాలేజీ స్టూడెంట్లతో ఒక ప్రయోగం చేశారు. ముందు కాసేపు వాళ్ళకి టెన్షన్ వచ్చేలా చేసి, తర్వాత కొందరికి మండలం (గుండ్రటి డిజైన్) బొమ్మ, కొందరికి గళ్ళ డిజైన్, కొందరికి ఉత్త తెల్ల కాగితం ఇచ్చి రంగులు వేయమన్నారు. మండలం వాళ్ళకి, గళ్ళ వాళ్ళకి ఆందోళన తగ్గింది, తెల్ల కాగితం వాళ్ళకి ఆ ఫలితం రాలేదు. అంటే అక్క చెప్పిన "తెల్ల కాగితం ముందు చెయ్యి కదలలేదు" అనేదానికి ఇది చాలా దగ్గరగా ఉంది. కానీ గమనించండి, వాళ్ళు కొలిచింది ఆందోళనని, క్రియేటివిటీని కాదు.

ఇంకోటి 2009లో జాకీ ఆండ్రేడ్ చేసింది, బోర్ కొట్టే ఫోన్ మెసేజ్ వింటూ కాగితం మీద ఉన్న ఆకారాలు నింపినవాళ్ళు ఊరికే విన్నవాళ్ళ కంటే 29 శాతం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు, మొత్తం 40 మంది. దీన్ని చూపించి "గీకితే బుర్ర పెరుగుతుంది" అని వాట్సాప్ ఫార్వర్డులు వస్తాయి. అక్కడ కొలిచింది జ్ఞాపకం, అది కూడా బోర్ కొట్టే పనిలో. కాబట్టి మనసు నెమ్మదిస్తుంది అనడానికి ఆధారం ఉంది, క్రియేటివిటీ తిరిగొస్తుంది అని ఈ రెండిట్లో ఎక్కడా లేదు. క్లాసులు అమ్మేవాళ్ళు మొదటిది చూపించి రెండోది అమ్ముతారు, నా కంప్లైంట్ అదే.

కానీ సార్, రూల్ ఉంటే కొత్తది రాదు అన్నట్టుగా మీరు చెప్పింది నేను ఒప్పుకోను. 1970లలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ గార్లు తమిళ ముగ్గులకి, అదే కోలాలకి, వ్యాకరణం లాంటి రూల్స్ రాసి కంప్యూటర్ సైన్స్ పేపర్లు వేశారు. కొన్నే కొన్ని రూల్స్, వాటినుంచి ఒకదాన్ని మించి ఒకటి పెద్ద ముగ్గులు పుడుతూనే ఉంటాయి. రూల్‌కీ కొత్తదనానికీ పగ లేదు.

మిర్యాలగూడ_డ్రాయింగ్_సార్:
రూల్ రాసినోళ్ళు క్రియేటివ్ అమ్మా, రూల్ నింపినోళ్ళు కాదు. పుట్టపాక తమ్ముడు అడిగిన ప్రశ్ననే నాది కూడా, ఆమె ఇంకా జవాబు చెప్పలే.

నల్లగొండ_గీతలు:
చెప్తున్న సార్, ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చిన.

పైసల సంగతి ముందు: కట్టలే చెల్లీ, ఫ్రీ వీడియోలే చూసిన. ఆ పేరు ట్రేడ్‌మార్క్, నేర్పేటోళ్ళకు వాళ్ళ కోర్సు, సర్టిఫికెట్ ఉన్నయి, అది వాళ్ళ బిజినెస్, నాకేం సంబంధం లేదు. ముగ్గును చూసి కొట్టేసిన్రు అని మాత్రం నేననను, ఆమె అక్షరాలు రాసుకుంట అక్కడికి చేరింది.

పుట్టపాక తమ్మీ, నీ ప్రశ్నకు నిజమే చెప్తా, మొదట్ల నేను చేసింది ఉత్త కట్టుడే. ఎవరో గీసిన మెట్లు, నేను నింపుడు. అప్పుడైతే సైకాలజీ తమ్ముడో చెల్లో చెప్పినట్టు నెమ్మది మాత్రమే వచ్చింది, ఇంకేం రాలే. మారింది ఎక్కడంటే, ఈ పద్ధతిల ఎవరైనా కొత్త డిజైన్ తయారుచేసుకోవచ్చు, కాకపోతే కనబడ్డదాన్ని చిన్న చిన్న గీతల మెట్లుగ విడగొట్టాలె, ఇంకొకళ్ళు చూసి గీయగలగాలె. నేను మా అత్తమ్మ గద్వాల చీర కోటకొమ్మంచు తీసుకున్న. అది బీరువల ఎన్నిసార్లు మడత పెట్టిన్నో, పెళ్ళిళ్ళకు ఎన్నిసార్లు కుచ్చిళ్ళు సర్దిన్నో, త్రికోణాలు వరుసగ ఉంటయని తప్ప ఏం చూడలే. విడగొడదామని కూసుంటే తెలిసింది, ఆ కొమ్ము పక్క గీత వాలుగ ఉండనే ఉండదు. మెట్లు మెట్లుగ పైకి పోతది, పోగు పోగుకు ఒక్కో మెట్టు, దూరంకెల్లి చూస్తే వాలు లెక్క కనబడుతది. నూలు ఒంటి రంగు, పట్టు అంచు రంగు ఒకదాన్నొకటి పట్టుకునేది ఆ మెట్ల కాడనే. నేను మొదట వాలు గీత గీస్తే అది చీర అంచు లెక్కనే లేకపాయె, సమోసా లెక్క ఉంది. మెట్లు పెట్టి, ఒక మెట్టు నలుపు ఒక మెట్టు తెలుపు వదిలినంక అప్పుడు కొమ్ము నిలబడ్డది.

సార్, చూసుడు అంటే ఇదే కాదా? మీరు జామకాయ ముందల కూసోపెడతరు, నేను అంచు ముందల కూసున్న. తెల్ల కాగితం ఇచ్చి ఈ అంచు గీయమంటే నేను పెన్ను కూడా పట్టకపోదును, మూడున్నర ఇంచులల్ల ఒక మూల గది నింపాలె అంటే పట్టిన.

మిర్యాలగూడ_డ్రాయింగ్_సార్:
ఈ మాట నాకు నచ్చింది. వాలు కాదు మెట్లు అని పట్టుకున్నవ్ చూడు, ఆ క్షణం మాత్రం డ్రాయింగే, దాన్ని కాదనను. కాకపోతే అమ్మా, ఈ పద్ధతి మొదలుపెట్టిన పదిమందిల ఎంతమంది అంచు దాకా పోతరు? ఎక్కువ మంది వీడియో కాడనే ఆగుతరు, వాళ్ళకు హాయిగనే ఉంటది గదా, ఎందుకు లేస్తరు? హాయి ఎక్కువైతే కూడా చెయ్యి అక్కడనే కూసుంటది. అందుకే స్కూల్ల నేను దీన్ని పెట్టాల్నంటే శాంపిల్ ఒక్కటి కూడా చూపియ్య. పానగల్లు పచ్చల సోమేశ్వరం గుడికి తీసుకపోయి ఒక్కొక్కన్ని ఒక్కో స్తంభం ముందల కూసోపెట్టి, దీంట్లకెల్లి ఒక డిజైన్ విడగొట్టి పక్కోనికి నేర్పురా అంట. అట్లయితే ఒప్పుకుంట.

పాలమూరు_పోరి:
సార్ మీరు ఒప్పుకుంటనే ఒప్పుకోవట్లే 😄

పుట్టపాక_మగ్గం:
అక్కా ఆ మెట్ల అంచు గ్రాఫ్ పేపర్ మీద గూడ గీసి పెట్టు. ఒక మెట్టుకు ఎన్ని గడులు పడతయో చూస్త. మనది ఇక్కత్, గద్వాల లెక్క మెట్టు అంత పదునుగ రాదు, అంచు కాడ రంగు కొంచెం పారుతది, పారితే ఎట్ల ఉంటదో నాకూ చూడాలనుంది.

సూర్యాపేటోడు_హైదరాబాద్ల:
ఇంత లొల్లి చదివినంక నాకూ గీయబుద్ధైతుంది, ఆ నల్ల పెన్ను నల్లగొండల ఏడ దొరుకుతది?

నల్లగొండ_గీతలు:
అన్నా, వాళ్ళు చెప్పేది జపాన్ పిగ్మా మైక్రాన్ 01, ఆన్‌లైన్‌ల తెప్పిచ్చుకోవాలె. నేనైతే మామూలు నల్ల జెల్ పెన్నుతోనే మొదలుపెట్టిన. పల్చటి కాగితం మీద ఇంకు పాకుతది, పెన్సిల్ నీడ ఇచ్చేటప్పుడు వేలు తగిలితే మరకైతది, అందుకని స్టేషనరీల మందం డ్రాయింగ్ షీట్ ఒకటి కొని ముక్కలు కోసుకో, చాలా రోజులొస్తది. తమ్మీ, గ్రాఫ్ ఆదివారం పెడతా, పిల్లల పరీక్షలు నడుస్తున్నయి.