'నా వైఫు' ఎక్కడి మాట?

"అనిమే (జపాను కార్టూన్లు) చూసే పిల్లలు బొమ్మలో అమ్మాయిని చూపించి 'నా వైఫు' అంటున్నారు, ఇదేం తెలుగండీ?" అని ఒకరు అడిగారు. అది మన 'వైఫు' కాదండీ, జపాను చుట్టి వచ్చింది. తేడా ముందున్న మాటలో దొరుకుతుంది: ఇంట్లో ఆవిడ గురించి మనం మామూలుగా 'మా వైఫు' అంటాం. 'నా వైఫు' అన్నారంటే ఫోన్ వాల్‌పేపర్ మీదున్న పిల్లే.

2002లో వచ్చిన అజుమంగా దైఓ అనే అనిమేలో కిమురా అని ఒక హైస్కూలు మాస్టారు, కాస్త వెకిలి మనిషి. ఆయన దగ్గర్నుంచి ఒక ఫొటో జారిపడుతుంది. ఎవరీవిడ అని అడిగితే 'మై వైఫు' అంటాడు. ఇంగ్లీషే, జపాను నోటితో. ఇంగ్లీషులో రాసుకునే అభిమానులకి ఆ పలుకు తెగ నచ్చి, తమకిష్టమైన పాత్రలకి తగిలించారు. జపానులో అభిమానులు అనేది 'ఒరె నో యొమె', నా పెళ్లాం అని. యొమె అంటే కోడలు కూడా. ఆ మాటకి వాళ్లు వాడే చైనా లిపి అక్షరం రాస్తే, అందులో ఆడమనిషి, ఇల్లు అనే గుర్తులు పక్కపక్కనే ఉంటాయి.

ఇక ఆ చివరి ఉకారం. జపాను మాట నకారంతో తప్ప హల్లుతో ఆగదు. బస్ మనకి బస్సు, వాళ్లకి బసు. కానీ ట, డల తర్వాత వాళ్లకి ఒకారం వస్తుంది: మన బెడ్డు అక్కడ బెడ్డొ. మగ పాత్రలకి 'హజ్బండో' అని పేరు పెట్టింది జపాను వాళ్లు కాదు, బయటి అభిమానులే. అయినా ఆ 'డో' మాత్రం సరిగ్గా కుదిరింది. మన లెక్కన హస్బెండు అయ్యేది, అందులో మజా ఏముంది!

'మొఎ' ఇంకో మాట. ముద్దొచ్చే పాత్రని చూస్తే లోపల కలిగే పులకింత. ఇది పుట్టిన క్రియకి అర్థం మొలకెత్తడం. అదే పలుకుతో 'మండడం' అనే వేరే క్రియా ఉంది. 2005లో 'మొఎ' జపాను కొత్తమాటల అవార్డుల్లో మొదటి పదింట్లో నిలిచింది. ఇప్పుడు జోరంతా 'ఒషి'ది, అంటే మనం వెనకేసుకొచ్చే అభిమాన తార లేదా పాత్ర. వెనక నుంచి తోయడం, సిఫారసు చేయడం అనే క్రియ నుంచి వచ్చింది, పాటల బృందాల అభిమానులు వాడుకలోకి తెచ్చారు. కటౌట్లకి పాలాభిషేకం చేసే మనవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

'వైఫు'కి బదులు 'ఊహాసుందరి' అనొచ్చు కదా అన్నారు ఇంకొకరు. నాకు కుదరదనిపిస్తుంది. ఊహాసుందరిని ఎవరికి వాళ్లు ఊహించుకుంటారు. ఈవిడ వేరెవరో గీసిన బొమ్మ, లక్షలమంది ఒక్కసారే 'నాది' అంటున్నారు.