పది వారాల లాబ్రడార్ పిల్ల గుండెలో మర్మర్ ఉందన్నారు: వెనక్కి ఇచ్చేయాలా, పరీక్షలు చేయించాలా?

కొర్లగుంట నివాసి, తిరుపతి:

మేము బెంగళూరులోని ఒక పెంపకందారు దగ్గర ఆడ లాబ్రడార్ పిల్లను కొని తిరుపతికి తెచ్చుకున్నాము. ఇప్పుడు దానికి పది వారాలు. రెండవ టీకా కోసం ఇక్కడి డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళితే, ఆయన సూది వేయబోయే ముందు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, ఎడమ వైపు గుండె చప్పుడుతో పాటు మరొక శబ్దం కూడా వినిపిస్తోందని, దానిని మర్మర్ అంటారని, శబ్దం ఎంత పెద్దగా ఉందో చెప్పే 6 గ్రేడుల లెక్కలో ఇది 2కూ 3కూ మధ్య ఉండవచ్చని చెప్పి, టీకాను వాయిదా వేశారు. వీలైతే వెటర్నరీ కాలేజీలో ఎకో (గుండె స్కానింగు) తీయించమన్నారు, వీలు కాకపోతే నెల తరువాత మళ్ళీ వింటానన్నారు.

పిల్ల బాగానే తింటోంది, పరుగెడుతోంది. అయితే కొంచెంసేపు ఆడిన వెంటనే పడుకుండిపోతోంది. ఇది లాబ్రడార్ పిల్లలకు మామూలేనని మేము అనుకున్నాము. అమ్మిన వ్యక్తికి ఫోన్ చేస్తే, చిన్న పిల్లలన్నిటికీ ఇటువంటి శబ్దం ఉంటుందని, మాకు అంత అనుమానంగా ఉంటే వెనక్కి తెస్తే అదే ఈతలోని మరొక పిల్లను ఇస్తానని, డబ్బు మాత్రం తిరిగి ఇవ్వనని, ఈ మాట కూడా నెలాఖరు వరకేనని అన్నాడు. కేసీఐ (కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితాలు ఉన్నాయి కదా, జాతి మంచిదేనని పదే పదే చెబుతున్నాడు.

ఇంట్లో అత్తగారు వెంటనే ఇచ్చేయమంటున్నారు, పిల్లలు ఆ మాట వింటేనే ఏడుస్తున్నారు. నెల ఆగితే వెనక్కి ఇచ్చే గడువు దాటిపోతుంది, ఆగకుండా ఇచ్చేస్తే నిజంగా జబ్బు ఉందో లేదో తెలియకుండానే ఇచ్చినట్లవుతుంది. అనుభవం ఉన్నవారు ఏమి చేయమంటారు?

గ్రీంస్‌పేట, చిత్తూరు:

అమ్మా, నా మాట కఠినంగా ఉంటే మన్నించండి. ఇవ్వగలిగిన గడువులోనే ఇచ్చేయడం మంచిది. గుండె జబ్బు కుక్కకు మందులు, స్కానింగులు, చెన్నై ప్రయాణాలు మొదలైతే కొన్న ధర ఒక లెక్క కాదు. పిల్లలు ఇప్పుడు రెండు రోజులు ఏడుస్తారు, ఏడాది పెంచిన తరువాత పోతే ఇంటిల్లిపాదీ తట్టుకోలేరు.

పశువైద్యుడు, పుత్తూరు వైపు:

పై వారి ఆందోళన అర్థమైంది. కానీ ఇవ్వాలా ఉంచుకోవాలా అన్న ప్రశ్న రెండవది. మర్మర్ అన్నది జబ్బు పేరు కాదు, రక్తం సాఫీగా కాక సుడి తిరుగుతూ ప్రవహించినప్పుడు వినిపించే శబ్దం మాత్రమే. ఆ సుడికి కారణం ఏమిటో తెలియకుండా పిల్లను పంపడమూ తొందరపాటే, ఏమీ లేదులే అని నెల రోజులు ఊరుకోవడమూ తొందరపాటే. మీకు నెలాఖరు వరకు సమయం ఉంది కాబట్టి ఆ సమయాన్ని పరీక్షలకు వాడుకోండి.

అమ్మిన వ్యక్తి చెప్పినదానిలో సగం నిజం ఉంది. ఎదిగే కుక్కపిల్లలలో కొన్నిటికి గుండెలో ఏ లోపమూ లేకుండానే మెత్తని శబ్దం వినిపిస్తుంది. అది సాధారణంగా 1 లేదా 2 గ్రేడులో, ఎడమ వైపు, గుండె ముడుచుకునే క్షణంలో మాత్రమే, చాలా కొద్దిసేపు ఉంటుంది. పిల్ల నిలబడినప్పుడు ఒక రకంగా, పడుకున్నప్పుడు మరొక రకంగా వినిపించి, 4, 5 నెలల వయసుకు మాయమవుతుంది. మీ పిల్లకు చెప్పిన 3వ గ్రేడు సరిగ్గా అంచు మీద ఉంది. అందువల్ల మీ డాక్టరు గారిని మూడు సంగతులు అడగండి: శబ్దం గుండె ముడుచుకునేటప్పుడు మాత్రమే ఉందా లేక ఆగకుండా సాగుతోందా, కుడి వైపు కూడా వినిపిస్తోందా, తొడ లోపలి వైపు నాడి మామూలుగా ఉందా లేక ఎగిరెగిరి కొడుతోందా.

ఈ ప్రశ్నలలో మొదటిది, చివరిది అన్నిటికంటే ముఖ్యమైనవి. తల్లి గర్భంలో ఉన్నప్పుడు పిల్ల ఊపిరితిత్తులు పని చేయవు కనుక, రక్తం వాటిని తప్పించుకుని పోవడానికి శరీరానికి రక్తం పంపే బృహద్ధమనికీ ఊపిరితిత్తులకు పంపే పుపుస ధమనికీ మధ్య ఒక చిన్న దారి ఉంటుంది. పుట్టిన కొద్ది రోజులలో అది మూసుకుపోవాలి. మూసుకోకపోతే దానిని పీడీఏ అంటారు. గుండె ముడుచుకున్నా విప్పుకున్నా ఆ దారిలో రక్తం పారుతూనే ఉంటుంది కాబట్టి, రైస్ మిల్లు పక్కన నిలబడినట్లు ఎడతెగని మోత వినిపిస్తుంది, నాడి బలంగా ఎగిరి కొడుతుంది. ఇది ఆడ కుక్కపిల్లలలో ఎక్కువ. వైద్యం చేయకుండా వదిలేస్తే సగానికి పైగా పిల్లలు ఏడాదిలోపే చనిపోతాయి, సకాలంలో ఆ దారిని మూసేస్తే చాలా వరకు మామూలు కుక్కలలాగే బతుకుతాయి. కుక్కల పుట్టు గుండె లోపాలలో ఇంత పూర్తిగా నయం చేయగలిగినది మరొకటి లేదు. నెల రోజులు చూద్దాం అనే మాట నాకు నచ్చనిది ఇందుకే.

లాబ్రడార్లలో మరొక లోపం కూడా ఉంది. కుడి వైపు కర్ణికకూ (పై గది) జఠరికకూ (కింది గది) మధ్య ఉండే త్రిపత్ర కవాటం సరిగా ఏర్పడకపోవడం ఈ జాతిలో తరచుగా చూస్తాము. దాని శబ్దం కుడి వైపు బాగా వినిపిస్తుంది. అందుకే రెండవ ప్రశ్న. జఠరికల మధ్య గోడలో రంధ్రం ఉన్నా కుడి వైపే వినిపిస్తుంది, అయితే అక్కడ ఒక చిత్రం ఉంది: రంధ్రం ఎంత చిన్నదైతే రక్తం అంత వేగంగా చిమ్ముతుంది కనుక శబ్దం అంత పెద్దగా ఉంటుంది. కవాటం ఇరుకైనప్పుడు మాత్రం లెక్క మామూలే, శబ్దం పెద్దదైతే ఇరుకు ఎక్కువని అనుమానించాలి. కాబట్టి గ్రేడు సంఖ్య ఒక్కదానినే పట్టుకుని భయపడడానికీ ధైర్యపడడానికీ లేదు. స్టెతస్కోపు అనుమానాన్ని చెబుతుంది, రక్తం పారే తీరును చూపే డాప్లర్‌తో తీసిన ఎకో కారణాన్ని చూపిస్తుంది.

ఎకో కంటే ముందు, వీలైతే ఈరోజే, రక్త పరీక్ష చేయించండి. పిల్ల పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. పాలిపోయి ఉంటే రక్తహీనతను అనుమానించాలి. రక్తం పలచబడితే గుండె బాగున్నా మర్మర్ వస్తుంది. మన ప్రాంతంలో దీనికి రెండు పెద్ద కారణాలు పేగులలో రక్తం పీల్చే కొంకి పురుగులు, పిడుదులు. కొంకి పురుగులు తల్లి పాల ద్వారానే పిల్లకు చేరతాయి కనుక, ఇంటి బయట అడుగు పెట్టని పిల్లకు కూడా ఉండవచ్చు.

ఇంట్లో మీరు చేయగలిగినది ఒకటి ఉంది. పిల్ల గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాసుకోండి. పెద్ద కుక్కలలో అది 30 దాటకూడదు, చిన్న పిల్లలలో కాస్త ఎక్కువ ఉండవచ్చు, కానీ రోజు రోజుకూ పెరుగుతూ పోతే డాక్టరుకు చెప్పాలి. మన ఎండలకు మధ్యాహ్నం రొప్పే కుక్కను లెక్కపెడితే ప్రయోజనం లేదు, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఆడుతూ ఆడుతూ కూలబడినా, నాలుక నీలంగా మారినా, పొట్ట ఉబ్బినా ఎవరి కోసమూ ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళు వాడే గుండె మాత్రలు, నీరు తీసే మాత్రలు దయచేసి వేయవద్దు. కుక్కల గుండెకు మంచిదని పేరున్న పిమోబెండాన్ కూడా కవాటం ఇరుకుగా ఉన్న గుండెకు హాని చేయగలదు.

కట్టమంచి, చిత్తూరు:

మా పొమేరియన్‌కు పీడీఏయే. మాకు మొదట చూసిన ఒక డాక్టరు ఆరు నెలలు నిండేదాకా ఆగమన్నారు. మరొక డాక్టరు శబ్దం వినగానే చెన్నైకి పంపించారు. అక్కడ ఎకో తీసి, ఎడమ వైపు గుండె అప్పటికే కొద్దిగా పెద్దదైందని చెప్పి ఆపరేషన్ చేశారు. పక్కటెముకల మధ్యగా ఛాతీ తెరిచి ఆ దారిని దారంతో బిగించి కట్టేశారు. తొడ రక్తనాళంలో నుంచి సన్నని గొట్టం పంపి, లోహపు జాలీతో మూసే పద్ధతి కూడా ఉందని చెప్పారు కానీ, మాది మరీ చిన్న ప్రాణి కావడం వల్ల రక్తనాళం సరిపోదన్నారు. లాబ్రడార్ అయితే ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు, అడిగి చూడండి.

ఇప్పుడు మా కుక్క మేడ మెట్లు ఎక్కి మరీ మొరుగుతోంది. ఖర్చు అయింది, కాదనను. కానీ గ్రీంస్‌పేట వారు అన్నట్లు జీవితాంతం మందులు మాత్రం లేవు. ఒకటి మాత్రం చెప్పగలను: ఎకో చేతికి వచ్చేదాకా మేము ఊహించుకున్న జబ్బులతో పోలిస్తే అసలు జబ్బు చిన్నది.

పశువైద్యుడు, పుత్తూరు వైపు:

పై వారికి జరిగిన దానికి ఒక మాట చేర్చాలి. పీడీఏ ఉన్న కొన్ని పిల్లలలో ఊపిరితిత్తుల రక్తనాళాలలో ఒత్తిడి బాగా పెరిగి ప్రవాహం వెనక్కి తిరుగుతుంది. అప్పుడు మర్మర్ తగ్గిపోతుంది, ఒక్కోసారి అసలు వినిపించదు. యజమానులు నయమైందని సంతోషిస్తారు, కానీ ఆ దశలో దారిని మూయడం ప్రాణానికే ప్రమాదం. శబ్దం ఎందుకు ఉందో తెలుసుకోకుండా అది తగ్గుతుందని ఎదురుచూడటంలో ఉన్న చిక్కు ఇదే.

తిరుపతిలోనే 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, దాని ఆసుపత్రిలో చూపించండి. గుండె ఎకో ఏ రోజు తీస్తారో ముందే కనుక్కుని వెళ్ళండి. కాథెటర్‌తో (ఆ సన్నని గొట్టంతో) చేసే చికిత్స అవసరమని తేలితే చెన్నై వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో అడగవచ్చు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో వెళ్ళేటట్లయితే ఎండ ఎక్కకముందే బయలుదేరండి.

వినియోగదారుల కేసులు చూసే న్యాయవాది, తిరుపతి:

వైద్యం గురించి డాక్టరు గారు చెప్పారు కనుక అమ్మకం గురించి మాత్రం చెబుతాను. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకుని ఉండాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మే పిల్లకు మైక్రోచిప్ ఉండాలి. మీకు అమ్మిన వ్యక్తి నమోదు సంఖ్య ఏమిటో వాట్సాప్‌లో అడగండి. జవాబు వస్తే మంచిది, రాకపోతే ఆ మౌనం కూడా మీకు పనికి వస్తుంది. కేసీఐ కాగితం వంశాన్ని నమోదు చేసే పత్రం, ఆరోగ్యానికి హామీ కాదు.

డబ్బు తిరిగి ఇవ్వను అన్నంత మాత్రాన విషయం ముగిసిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, అతడు బెంగళూరులో ఉన్నా, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు చేయాలి, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ముందుగా 1915 సహాయవాణికి ఫోన్ చేసి చూడండి, చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. ఏది చేసినా, తేదీతో, పిల్ల గుర్తులతో, మైక్రోచిప్ ఉంటే దాని సంఖ్యతో డాక్టరు గారి దగ్గర రాతపూర్వక నివేదిక తీసుకోండి. ఫోన్ మాటలకు విలువ తక్కువ. గడువు పొడిగించమని కూడా రాసే అడగండి.

కొర్లగుంట నివాసి, తిరుపతి:

అందరికీ కృతజ్ఞతలు. రక్త పరీక్ష చేయించాము. హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది, మలంలో కొంకి పురుగుల గుడ్లు ఉన్నాయన్నారు. మర్మర్ గుండె ముడుచుకునేటప్పుడు మాత్రమే, ఎడమ వైపే ఉందని, నాడి మామూలుగా ఉందని డాక్టరు గారు మళ్ళీ విని చెప్పారు. నట్టల మందు, ఐరన్ ఇచ్చారు. వచ్చే వారం కాలేజీలో ఎకోకు రమ్మన్నారు. అమ్మిన వ్యక్తి నమోదు సంఖ్య ఇవ్వలేదు కానీ, గడువు మరో పదిహేను రోజులు పెంచుతానని వాట్సాప్‌లో రాశాడు. కారణం రక్తహీనతే అని తేలింది కదా, ఇంకా ఎకో అవసరమా? టీకా సంగతి ఏమిటి?

పశువైద్యుడు, పుత్తూరు వైపు:

ఈ వయసులో హిమోగ్లోబిన్ పెద్ద కుక్కల కంటే సహజంగానే తక్కువ ఉంటుంది, అయినా 6.8 అంటే తక్కువే. మర్మర్‌కు అది చాలినంత కారణం. మీరు చెప్పిన వివరాలు కూడా పీడీఏ వైపు చూపడం లేదు. అయినా ఎకో మానవద్దు. పురుగులున్న పిల్లకు గుండె లోపం ఉండకూడదనే నియమం లేదు, పైగా మీకు గడువు ఉన్నది ఇప్పుడే. ఎకోలో ఏమీ కనబడకపోతే, రక్తం పుంజుకున్నాక, 5 నెలలు నిండినప్పుడు మళ్ళీ ఒకసారి వినిపించండి. అప్పటికీ శబ్దం ఉంటే సంతాన నిరోధక ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే ముందు ఆ డాక్టరుకు తప్పక చెప్పండి.

నట్టల మందు రెండు వారాలకు మళ్ళీ వేయాలి, ఎందుకంటే కడుపులోకి ఇంకా చేరని పిల్ల పురుగులను మొదటి విడత చంపదు. టీకాకు మర్మర్ అడ్డు కాదు, రక్తహీనతే అడ్డు. పిల్ల కొంచెం కోలుకోగానే మీ డాక్టరు గారు వేస్తారు. అంతవరకు వీధి కుక్కలు తిరిగే చోటికి దించవద్దు, కుక్కపిల్లలకు సోకే పార్వో వైరస్ జబ్బు ఇప్పుడు దీని గుండె కంటే పెద్ద ప్రమాదం. ఇక అదే ఈతలోని మరొక పిల్లను తీసుకోవాలనే ఆలోచన ఉంటే, దానికి కూడా ఇదే తల్లి పాలు, ఇవే పురుగులు అని గుర్తుంచుకుని, తీసుకునే ముందు గుండె వినిపించి, రక్త పరీక్ష చేయించండి.