నాన్నగారి పాత లెన్సులను డిజిటల్ కెమెరాకు బిగించడం ఎలా?

లంకతోట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కోనసీమలో ముప్పై ఏళ్లకు పైగా ఫోటో స్టూడియో నడిపారు. ఆయన పోయాక స్టూడియో గది ఖాళీ చేస్తుంటే బీరువా అడుగున తోలు సంచుల్లో రెండు ఫిల్ము కెమెరాలు దొరికాయి. ఒకటి సోవియట్ జెనిట్, దానికి హీలియోస్ 44-2 అనే 58 మి.మీ. ఎఫ్ 2 లెన్సు ఉంది. రెండవది పెంటాక్స్ స్పాట్‌మేటిక్, దానికి సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్ 1.4 లెన్సు ఉంది. ఈ రెండూ మర తిప్పి బిగించేవి. ఇవి కాక, ఆయన చివరిదాకా వాడిన నిక్కార్ 50 మి.మీ. ఎఫ్ 1.8 ఏఐ-ఎస్ లెన్సు (నికాన్ వారి పాత, చేత్తో ఫోకస్ చేసే రకం) విడిగా ఉంది.

నా దగ్గర ఉన్నది నికాన్ డి 5300. మర లెన్సులను దీనికి బిగించాలంటే లోపల గాజు ఉన్న అడాప్టర్ (లెన్సునూ కెమెరానూ కలిపే రింగు) తప్పనిసరి అని ఒక దుకాణంలో చెప్పారు. గాజు లేనిది కొంటే దూరపు వస్తువులు ఎప్పటికీ స్పష్టంగా రావని కూడా అన్నారు. ఇది నిజమేనా, నిజమైతే కారణమేమిటి? ఇంకో సందేహం. టకుమార్‌ను తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే గాజు పల్చటి టీ డికాషన్ రంగులో కనిపిస్తోంది, హీలియోస్ లోపల అంచున సాలెగూడు దారంలాంటి గీతలు రెండు మూడు ఉన్నాయి. ఇవి వాడదగిన స్థితిలో ఉన్నాయా, లేక అద్దాల బీరువాలో జ్ఞాపకంగా పెట్టుకోవడమే మంచిదా అన్నది తెలిసినవారు చెప్పగలరు. నాకు ఎక్కువగా తీయాలని ఉన్నది ఇంట్లోవాళ్ల ముఖచిత్రాలే.

చీకటిగది:

లంకతోట గారూ, దుకాణంలో చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం అర్థం కావాలంటే ఒక కొలత తెలియాలి. ప్రతి కెమెరాలోనూ లెన్సు ఆనే లోహపు అంచు నుంచి ఫిల్ము లేదా సెన్సర్ ఉండే తలం వరకు ఒక నిర్ణీత దూరం ఉంటుంది. దీన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. మీ మర లెన్సులు రెండూ ఎం 42 రకానివి, అంటే మర వ్యాసం 42 మి.మీ., ఒక మరకూ ఇంకో మరకూ మధ్య 1 మి.మీ. ఉన్నవి. వాటికి కావలసిన ఫ్లాంజ్ దూరం 45.46 మి.మీ., మీ కెమెరాకు లెన్సు బిగించే అమరికలో, అంటే నికాన్ ఎఫ్ మౌంటులో, ఉన్నది 46.5 మి.మీ. అడాప్టర్ మందం సున్నా అనుకున్నా సరే, లెన్సు ఉండవలసిన చోటు కంటే 1.04 మి.మీ. ముందుకు జరిగి కూర్చుంటుంది.

ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ లెన్సు నాభ్యంతరాన్ని (దాని మీద రాసి ఉండే 58 మి.మీ. లాంటి అంకెను) దానితోనే గుణించి, ఈ అదనపు దూరంతో భాగించి చూడండి. మీ హీలియోస్‌కు 58 ఇంటూ 58 అంటే 3364, దాన్ని 1.04తో భాగిస్తే దాదాపు 3235 మి.మీ. వస్తుంది. ఫోకస్ రింగును చివరిదాకా తిప్పినా స్పష్టంగా కనిపించే గరిష్ఠ దూరం మూడు మీటర్ల చిల్లర మాత్రమే. గాజు ఉన్న అడాప్టర్ ఈ లోటును ఒక చిన్న కటకంతో సరిచేస్తుంది, అయితే ఆ చవక గాజు మీ లెన్సు వెనుక నిలబడి, అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె చెప్పేది దీని గురించే) పూర్తిగా తెరిచినప్పుడు బొమ్మనంతా మసకబరుస్తుంది. మంచి ఫిల్టర్ కాఫీలో కుళాయి నీళ్లు కలిపినట్లు ఉంటుంది. దాని జోలికి పోవద్దనే నా సలహా.

అద్దం లేని కెమెరాలతో, అంటే మిర్రర్‌లెస్ వాటితో, ఈ చిక్కు లేదు. ఫ్లాంజ్ దూరం సోనీ ఇ మౌంటుకు 18, నికాన్ జెడ్‌కు 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌కు 20, ఫూజీ ఎక్స్‌కు 17.7 మి.మీ. మాత్రమే కాబట్టి పాత లెన్సుకూ కొత్త కెమెరాకూ మధ్య బోలెడంత చోటు మిగులుతుంది. ఎం 42 లెన్సును సోనీకి బిగించే అడాప్టర్ అంటే 27.46 మి.మీ. పొడవున్న ఖాళీ లోహపు గొట్టమే, అందులో గాజు ఉండవలసిన పని లేదు. ఆ పొడవు మాత్రం కచ్చితంగా ఉండాలి. నేను మొదట కొన్న గొట్టం పదో వంతు మిల్లీమీటరు ఎక్కువ ఉండడంతో, పైన చెప్పిన లెక్క ప్రకారమే, నా హీలియోస్ 34 మీటర్లకు అవతల దేనినీ పట్టుకోలేకపోయింది. నెల రోజులు లెన్సునే అనుమానించి, చివరికి ఒక రాత్రి డాబా మీద చంద్రుణ్ని తీయబోతే, రింగు ఆగిపోయిన తరువాత కూడా బింబం అంచు పొగలాగే ఉండడం చూసి తప్పు ఎక్కడుందో తెలుసుకున్నాను. అంతకంటే పొడవు రవ్వంత తక్కువ ఉండడమే నయం. అప్పుడు రింగు మీద అనంతం గుర్తుకు కాస్త ముందే ఫోకస్ కుదురుతుంది, అంతే.

మిర్రర్‌లెస్ తీసుకుంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. పాత లెన్సుకు ఎలక్ట్రానిక్ స్పర్శలు లేవు కాబట్టి కెమెరా తనకు లెన్సే లేదనుకుని షటర్ నొక్కనివ్వకపోవచ్చు. సోనీలో లెన్సు లేకపోయినా విడుదల చేసే అమరికను మెనూలో అనుమతించాలి. కెమెరా లోపల కుదుపు నివారణ ఉంటే, లెన్సు నాభ్యంతరం దానికి మీరే చెప్పాలి. జాబితాలో 58 లేకపోతే దగ్గరి అంకె ఇవ్వండి. ఫోకస్ అంచులను రంగు గీతలతో చూపే సదుపాయాన్ని ఎఫ్ 2 దగ్గర పూర్తిగా నమ్మవద్దు. కనురెప్పలు ఎర్రగా మెరుస్తున్నా ఫోకస్ ముక్కు మీద ఉండవచ్చు. తెరను పెద్దది చేసి కంటిపాప చూసుకుని నొక్కడమే సరైన పద్ధతి.

మీ నిక్కార్ ఏఐ-ఎస్‌కు అడాప్టర్ అక్కరలేదు, డి 5300కు నేరుగా పడుతుంది. కానీ ఆ కెమెరా ఇలాంటి లెన్సులతో వెలుతురు కొలవదు, ఎం మోడ్‌లో (అన్నీ మనమే అమర్చుకునే పద్ధతిలో) తప్ప షటర్ కూడా పడదు. ఒక ఫోటో తీసి, హిస్టోగ్రాం (ఫోటోలోని వెలుగునీడలను చూపే గ్రాఫు) చూసి, షటర్ వేగం సరిచేసుకోవాలి. వ్యూఫైండర్‌లో ఫోకస్ కుదిరినప్పుడు వెలిగే పచ్చ చుక్క మాత్రం పనిచేస్తుంది. ఈ రోజే మొదలుపెట్టండి, రూపాయి ఖర్చు లేదు.

మూడోకాలు:

చీకటిగది గారు చెప్పిన లెక్కతో ఏకీభవిస్తూనే, కొత్త కెమెరా కొనమన్న ధోరణితో విభేదిస్తున్నాను. ప్రశ్న అడిగినవారికి కావలసినవి ముఖచిత్రాలు. మనిషి ముఖం తీయడానికి ఎవరూ మూడు మీటర్ల దూరం వెళ్లరు. గాజు లేని పల్చటి ఎం 42 రింగు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, దాని అంచు మందం కూడా కలిస్తే గరిష్ఠ దూరం రెండు మీటర్ల లోపుకు వస్తుంది. నడిరోడ్డు, గోపురం, గోదావరి తీయలేరు, కానీ ఇంట్లోవాళ్ల ముఖాలకు ఆ దూరం చాలు. అది వాడి చూశాక అభిరుచి నిలిస్తే అప్పుడు వాడిన మిర్రర్‌లెస్ గురించో, ఇంకా చవకగా పాత కెనాన్ ఇఓఎస్ డీఎస్‌ఎల్‌ఆర్ గురించో ఆలోచించవచ్చు. ఆ కెనాన్‌లకు ఫ్లాంజ్ దూరం 44 మి.మీ. కాబట్టి 1.46 మి.మీ. రింగుతోనే అనంతం దాకా ఫోకస్ కుదురుతుంది.

హీలియోస్ 44-2కు ముందు భాగంలో రెండు అపర్చర్ రింగులు ఉంటాయి. అంకెలున్న రింగును, ఉదాహరణకు, ఎఫ్ 4 దగ్గర టిక్కుమనేలా పెట్టి, అంకెలు లేని రింగును పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకుని, తీసే ముందు దాన్ని ఆగేదాకా తిప్పితే సరిగ్గా ఎఫ్ 4కు వచ్చి నిలబడుతుంది. కన్ను కెమెరా నుంచి తీయనవసరం లేదు. టకుమార్‌కు మాత్రం పక్కనున్న మీటను మాన్యువల్ వైపు జరపాలి. లేకపోతే వెనుక పిన్నును నొక్కే యంత్రాంగం మీ కెమెరాలో లేనందువల్ల, మీరు ఏ అంకె పెట్టినా అపర్చర్ తెరుచుకునే ఉంటుంది.

ఇక పసుపు రంగు సంగతి. ఆ కాలపు ఏడు కటకాల సూపర్ టకుమార్ 50 ఎఫ్ 1.4లో వక్రీభవనం పెంచడానికి థోరియం కలిపిన గాజు వాడారు. థోరియం రేడియోధార్మిక మూలకం, దాని అర్ధాయువు దాదాపు 1,400 కోట్ల సంవత్సరాలు. ఆ వికిరణమే ఏళ్ల తరబడి గాజులో చిన్న చిన్న లోపాలు కలిగించి రంగు పుట్టిస్తుంది. భయపడవలసినది లేదు, కెమెరాకు బిగించి ఫోటోలు తీసుకోవచ్చు. కానీ ఆ గాజును గీకడం, అరగదీయడం, పగలగొట్టడం మాత్రం చేయకూడదు, ఎందుకంటే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. అతినీలలోహిత కాంతి తగిలితే ఆ రంగు క్రమంగా విరిగిపోతుంది. రెండు మూతలూ తీసి, లెన్సు కింద అల్యూమినియం రేకు పరిచి, వెనుక గాజును కిటికీ వైపు పెట్టి ఉదయపు ఎండలో కొన్ని వారాలు ఉంచండి. లెన్సంటే భూతద్దమే అన్న సంగతి మరచి, వెనుక కర్టెనో కాగితమో ఉన్నచోట మాత్రం పెట్టవద్దు. మన మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా వద్దు, లోపలి గ్రీజు కరిగి అపర్చర్ రేకుల మీదికి జారుతుంది. నిజానికి డిజిటల్‌లో వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మారిస్తే ఆ ఛాయ పోతుంది, నలుపు తెలుపులో తీస్తే అదే పసుపు ఫిల్టర్‌లా ఆకాశాన్ని కాస్త ముదురు చేస్తుంది. కాబట్టి తొందర పడవలసిన అవసరమేమీ లేదు.

ఉప్పుగాలి:

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటూ లెన్సులు పోగుచేసే మనిషిగా ఆ సాలెగూడు దారాల గురించి చెబుతాను. అది ఫంగస్. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చిలైటు ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. దుమ్ము రేణువులు ఎన్ని కనిపించినా ఫోటోలో తేడా రాదు. దారాలు అంచున రెండు మూడే ఉంటే వాటివల్లా పెద్దగా నష్టం లేదు, కానీ తేమ ఉంటే అవి పెరుగుతాయి, ఎక్కువకాలం ఉంటే గాజు మీది పూతను తినేసి శాశ్వతమైన మచ్చ మిగులుస్తాయి. శుభ్రం చేయించదలిస్తే లెన్సులు విప్పడం తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి. ఇంటర్నెట్‌లో చూసి నేనే విప్పిన నా మొదటి లెన్సు ఫోకస్ మరలను, ఏ పంటి దగ్గర విడిపోయాయో గుర్తు పెట్టుకోకపోవడం వల్ల, ఈనాటికీ సరిగా ఎక్కించలేకపోయాను.

అంతకంటే ముందు చేయవలసిన పని, ఆ తోలు సంచుల్లోంచి లెన్సులను బయటకు తీయడం. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది, బూజుకు అంతకు మించిన ఇల్లు ఉండదు. సంచులు జ్ఞాపకంగా విడిగా దాచుకోండి. లెన్సులను గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో, చవకగా దొరికే తేమ మీటరుతో కలిపి పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు, ఆ తవుడు లెన్సు రింగుల్లో చేరితే ఇంకో తలనొప్పి.

ఇంకొక్క మాట. పాత లెన్సులకు పూతలు తక్కువ కాబట్టి ఎదురు వెలుతురులో బొమ్మ పాలిపోతుంది. మీ రెండు మర లెన్సులకూ ఫిల్టర్ మర 49 మి.మీ.యే, అందుచేత ఒకే హుడ్ (పక్క వెలుతురును ఆపే తొడుగు) రెండింటికీ సరిపోతుంది.

లంకతోట:

ముగ్గురికీ ధన్యవాదాలు. మూడోకాలు గారి సలహా ప్రకారం గాజు లేని రింగు తెప్పించి, నిన్న హీలియోస్‌ను డి 5300కు బిగించాను. టేపు పెట్టి కొలిస్తే, గరిష్ఠంగా 1 మీటరు 78 సెం.మీ. దూరం దాకా స్పష్టంగా వస్తోంది. చీకటిగది గారి లెక్కను వెనక్కు చేస్తే రింగు అంచు దాదాపు 1 మి.మీ. ఉండాలి, స్కేలుతో చూస్తే అంతే ఉంది. మా అమ్మను పెరటి అరుగు మీద కూర్చోబెట్టి, వెనుక కొబ్బరి తోట వచ్చేలా ఎఫ్ 2 దగ్గర తీశాను. మట్టల సందుల్లోని వెలుతురు చుక్కలు మధ్యలో గుండ్రంగా, అంచుల వైపు పిల్లి కళ్లలా సాగి ఉన్నాయి. హీలియోస్ గురించి అందరూ చెప్పే సుడి, అంటే వెనుక దృశ్యం గుండ్రంగా తిరిగినట్లు కనిపించడం, మాత్రం అంతగా లేదు. సెన్సర్ చిన్నది కావడం వల్ల లెన్సు గీసే బొమ్మలో అంచులు తెగిపోతున్నాయని అర్థమైంది. ఇరవై రెండు ఫోటోలలో అమ్మ కన్ను స్పష్టంగా ఉన్నవి అయిదు. చివరి నాలుగు వరుసగా బాగా వచ్చాయి. కెమెరాను కదపకుండా, అమ్మనే కొద్దిగా ముందుకు వెనక్కు జరగమని చెప్పి చూశాను, రింగు తిప్పడం కంటే అదే తేలికగా ఉంది.

టకుమార్ ఈ ఉదయం నుంచి తూర్పు కిటికీలో అల్యూమినియం రేకు మీద ఉంది. పక్కనే తెల్ల కాగితం ముక్క పెట్టి మొదటి రోజు రంగును ఫోటో తీశాను, వారానికొకటి ఇక్కడ పెడతాను. తోలు సంచులు ఖాళీ చేస్తుంటే హీలియోస్ సంచి అడుగున నాన్నగారి చేతిరాతతో ఒక చీటీ దొరికింది: పెళ్లి మండపం, ఎఫ్ 5.6, 1/30. ఆ చీటీని కూడా సిలికా జెల్ డబ్బాలోనే పెట్టాను.