ౘ, ౙ మళ్ళీ రాతలోకి రావాలా?

పలక_బలపం:
వంటింటి చారులో చా దంత్యం, అంటే నాలుక కొన పళ్ళ వెనక తగిలి ‘త్సా’లా పలుకుతుంది. అందమైన అనే అర్థమున్న సంస్కృత ‘చారు’లో తాలవ్యం, అంటే నాలుక అంగిలికి ఆనుతుంది. రాత మాత్రం ఒకటే. బ్రౌన్ 1852 నిఘంటువులో దంత్యాలకు ౘ, ౙ గుర్తులు వాడాడు. 2008లో అవి కంప్యూటర్లో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లోకీ వచ్చాయి. విదేశాల్లో పెరిగే పిల్లల వాచకాల్లోనైనా ఇవి ఉండాలి. వాళ్ళు ‘చాప’ను చాక్లెట్‌లోని చా లాగే చదువుతున్నారు.

సూత్రకారుడు:
అక్కర్లేదండీ. బాలవ్యాకరణ సూత్రం చాలు. ఇ, ఈ, ఎ, ఏలతో కూడితే తాలవ్యం: చిలక, చేను, జిల్లేడు. మిగతా అచ్చులతో దంత్యం: చలి, చుక్క, జొన్న. సంస్కృతం నుంచి వచ్చిన తత్సమాల్లో తాలవ్యమే: చంద్రుడు, జలం. మరాఠీలో చార్ అంటే నాలుగు, తాలవ్యం. చారా అంటే మేత, దంత్యం. వాళ్ళూ ఒకే అక్షరంతో నెట్టుకొస్తున్నారుగా.

పలక_బలపం:
చలి దేశ్యం, అంటే అచ్చ తెలుగు మాట అనీ, చంద్రుడు తత్సమమనీ ఏడేళ్ళ పిల్లకెలా తెలుస్తుంది? పైగా ఇవాళ్టి వాడుకలో ఆ సూత్రం నిలవదు. ‘మచ్చా?’, ‘వచ్చాడా?’ వెంటవెంటనే అని చూడండి. రెండుచోట్లా చ్చా అనే రాస్తాం. మొదటిదానికి నాలుక కొన పైపళ్ళ వెనక తగులుతుంది. రెండోదానికి నాలుక వెనక్కి జరిగి అంగిలికి వెడల్పుగా ఆనుతుంది. ‘వచ్చినాడు’ కుదించుకుపోయి ‘వచ్చాడు’ అయింది. ‘చ్చి’లోని తాలవ్యం అలాగే మిగిలింది. ‘వచ్చు’ అంటే మళ్ళీ దంత్యం. కాశ్మీరీవాళ్ళు చూడండి, అరబిక్ లిపిలోనే త్సకు వేరే అక్షరం పెట్టుకున్నారు.

అచ్చు_యంత్రం:
ధ్వని సంగతి ఒప్పుకుంటాను. చిక్కంతా కంప్యూటర్లో. ౘ, చ వేర్వేరు సంకేతాలు. ఒకే అక్షరపు వేర్వేరు సంకేతరూపాలను ఒకటి చేసే నార్మలైజేషన్ చేసినా ఒకటి కావు. ‘చాప’ అని వెతికితే ‘ౘాప’ దొరకదు, రెండూ సమానమని వెతికే ప్రోగ్రాముకు విడిగా చెప్పాలి. కొన్ని ఫాంట్లలో ౘకు వత్తు లేదు, ద్విత్వం రాస్తే పొల్లుతో విడిపోతుంది. పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కైతే ఈ తేడా తప్పనిసరి. కానీ అది ఉచ్చారణ నిఘంటువులో ఉండాలి, మామూలు రాతలో కాదు.

సూత్రకారుడు:
‘వచ్చాడు’ దగ్గర నా సూత్రం ఆగిపోయింది, నిజమే. అయినా తెలుగు వింటూ పెరిగినవాళ్ళకు కొత్త గుర్తు దేనికి? ఇటాలియన్లో ‘రాత్స’ అంటే జాతి, ‘రాద్జ’ అంటే ఒక సముద్రపు చేప. రెండింటికీ స్పెల్లింగ్ ఒకటే, సందర్భాన్నిబట్టి చదువుకుంటారు.

పలక_బలపం:
వింటూ పెరిగినవాళ్ళకు వద్దు, సరే. విననివాళ్ళ వాచకంలో పాఠమంతా చ, జలతోనే ఉంచి, పాఠం చివరి పదాల పట్టికలో మాత్రం ౘాప, ౙాలి అని ఇద్దాం. వత్తు చిక్కు తగ్గుతుంది, పాఠంలో వెతుకులాటా చెడదు. ‘మచ్చ’ను పట్టికలో ఎలా చూపాలో అచ్చు_యంత్రం గారు చెప్పాలి.

అచ్చు_యంత్రం:
ద్విత్వమొచ్చినచోట ౘ జోలికెళ్ళకండి. ‘మచ్చ’ పక్కన దంత్యానికి గుర్తుగా ‘దం’ అని చిన్నక్షరాల్లో వేస్తే ఏ ఫాంటైనా సరిపోతుంది.