భుజం సరిచేయడానికి కెటమిన్ ఇచ్చారు, బావకి వింత అనుభవం. ముందురోజు తాగిన మందు వల్లనా?

గుంటూరోడు:
నమస్తే అండీ. మా బావ మంగళగిరి దగ్గర బండి మీద నుంచి పడ్డాడు, భుజం జారింది. విజయవాడలో ఒక ఆస్పత్రిలో కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చి సరిచేశారు. కళ్లు తెరిచే ఉన్నాయి, గుడ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి, పిలిస్తే మాత్రం పలకడు. లేచాక ఒకటే ఏడుపు. "పైన ఫ్యాన్ దగ్గర నుంచి నన్ను నేనే చూసుకున్నా, మీరంతా ఎవరికో వైద్యం చేస్తున్నారనుకున్నా" అంటాడు. ముందురోజు రాత్రి బాగానే తాగాడు, డిప్రెషన్‌కి ఎసిటలోప్రామ్ కూడా వాడుతున్నాడు. పరువు పోతుందని మా అక్క ఈ రెండూ డాక్టర్‌కి చెప్పనివ్వలేదు. అవన్నీ కలిసే ఇలా అయిందా? ఇప్పుడు దగ్గు పట్టుకుంది, ఇంట్లో ఉన్న సిరప్ మీద డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అని ఉంది, అదీ కెటమిన్ జాతేనట. తాగించొచ్చా?

సూర్యారావుపేట_ఓటీ:
ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ పక్కన పనిచేస్తాను. మీరు చెప్పినవన్నీ కెటమిన్ ఒక్కటే ఇచ్చినా వస్తాయి, కళ్లు తెరిచి ఉండటం, గుడ్లు ఊగడం, ఒంట్లోంచి బయటికి వచ్చినట్టు ఉండటం అన్నీ. మెదడులో సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను ఆపేస్తుంది, దాంతో నొప్పి, చుట్టూ జరిగేది మనిషికి అందకుండా పోతాయి, ఊపిరి మాత్రం చాలావరకు తనంతట తనే ఆడుతుంది. 1962లో దీన్ని తయారుచేసిందే అంతకుముందున్న మత్తుమందు ఫెన్‌సైక్లిడిన్‌తో జనం లేచాక గంటల తరబడి పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తున్నారని. లేచేటప్పుడు భయం పెద్దవాళ్లలో ఎక్కువ. అందుకే చాలాచోట్ల మిడజోలామ్ అనే నిద్రమత్తు మందు కలిపి ఇస్తారు, భయం తగ్గుతుంది కానీ మత్తు ఇంకాసేపు ఉంటుంది. ఇంజక్షన్‌కి ముందు గదిలో అరుపులు, కంగారు ఉంటే ఆ టెన్షన్ కూడా అనుభవంలోకి వెళ్తుంది, ఇది నేను చూస్తూనే ఉంటాను.

బందర్_రోడ్:
రోజూ తాగేవాళ్లకి మత్తే ఎక్కదు బ్రదర్, మందు వల్ల ఏం కాదు.

సూర్యారావుపేట_ఓటీ:
అలా అనకండి అన్నా. ఏళ్ల తరబడి తాగేవాళ్లకి కొన్ని మత్తుమందులు ఎక్కువ పట్టడం వేరు, ఆ రోజు రక్తంలో ఆల్కహాల్ ఉండటం వేరు. తాగిన మందు మీద మిడజోలామ్ గానీ మార్ఫిన్ లాంటి నొప్పి ఇంజక్షన్ గానీ పడితే ఊపిరి మందగిస్తుంది, వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గంజాయి తాగి వచ్చినా చెప్పాల్సిందే, అదీ కెటమినూ రెండూ గుండె వేగం పెంచేవే. మేము అడిగేది పోలీసులకి చెప్పడానికి కాదు.

కొత్తపేట_ఫార్మసిస్ట్:
ఎసిటలోప్రామ్ సంగతి నేను చెప్తాను. కెటమిన్‌తో దానికి పెద్ద గొడవ లేదు. అమెరికాలో 2019లో ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకి అనుమతి ఇచ్చిందే డిప్రెషన్ మాత్రలతో కలిపి వాడమని. జాగ్రత్త పడాల్సింది మీ ఇంట్లో ఉన్న సిరప్‌తోనే. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఎన్‌ఎండీఏతో పాటు సెరొటోనిన్ అనే మెదడు రసాయనం మీదా పనిచేస్తుంది, ఎసిటలోప్రామ్ కూడా దాని మీదే. మామూలు మోతాదులో చాలామందికి ఏమీ కాదు, కానీ మోతాదు పెరిగినా, ఇంకో మందు తోడైనా వణుకు, చెమటలు, గుండెదడ, జ్వరం, కంగారు మొదలవుతాయి. అలా అయితే రాత్రా పగలా అని చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. డిప్రెషన్ మాత్రల్లోనే ఫ్లూవాక్సెటిన్, పారాక్సెటిన్, బుప్రోపియాన్ అయితే ఇంకో చిక్కు, లివర్‌లో ఆ సిరప్‌ని విరిచే ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి, కొంచెం తాగినా ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. ఈ గుణాన్నే వాడుకుని 2022లో బుప్రోపియాన్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కలిపిన డిప్రెషన్ మాత్రకి అక్కడ అనుమతి వచ్చింది, అదైతే లెక్క ప్రకారం డాక్టర్ చేతిలో ఉంటుంది. ఇంకోటి, మన దగ్గర ఈ సిరప్‌లలో చాలావాటిలో నిద్రమత్తు తెచ్చే జలుబు మందు క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఉంటుంది, దాని మీద మందు కొడితే మనిషి తూలిపోతాడు. సీసా వెనకాల పేర్లన్నీ ఫొటో తీసి సైకియాట్రిస్ట్‌కి పంపండి. అప్పటిదాకా ఆవిరి పట్టించండి, తేనె నాకించండి.

గుంటూరోడు:
థాంక్స్ అండీ. సిరప్ పక్కన పెట్టాం. వచ్చే నెల ఆ భుజానికే ఆపరేషన్ ఉండొచ్చట, మళ్లీ కెటమినే ఇస్తారేమోనని బావకి ఇప్పటినుంచే భయం.

సూర్యారావుపేట_ఓటీ:
ఆపరేషన్ అంటే వేరే పద్ధతులు ఉన్నాయి, భుజానికి నరం దగ్గర మత్తు ఇవ్వచ్చు. ముందే మత్తు డాక్టర్ చూస్తారు కదా, పోయినసారి ఏమైందో, మాత్రలేంటో, తాగుడు ఎంతో బావగారినే చెప్పమనండి. అక్కగారిని మాత్రం కాసేపు బయట కూర్చోబెట్టండి.